రెండు చదరాలు

హోబార్ట్‌లో మా ఇంటి దక్షిణపు గదికి
ఏడాదిలో ముప్పాతిక ఎండ బాకీ.
ఇక్కడ సూర్యుడు ఉత్తరం మీదుగా నడిచిపోతాడని
ఇల్లు కొన్నాక గాని తెలిసిరాలేదు.

రంగుతోనైనా వెచ్చబెడదామని
రెండు చిన్న డబ్బాలు తెచ్చాను.
మూతల మీద ఒకటి బిస్కట్ పేరు, ఒకటి ఇసుక పేరు.
నోరు తిరగక కాదు, కంటికి ఆనక
నా పేర్లు నేను పెట్టుకున్నాను:
ఇది బెల్లం జున్ను.
అది సానమీద ఆరుతున్న గంధం.

రెంటికీ తేడా రెండే రెండు చుక్కల ఎరుపని
కొట్లో లోర్నా చెప్పింది.
టక్ టక్‌మని మిషన్ వదిలే చుక్కలు.

గోడమీద రెండు చదరాలు పూశాను
పక్కపక్కనే, జానెడు ఎడం వదిలి.
పొద్దున్న జున్నుదే పైచేయి.
పది దాటితే గంధం కాస్త తేరుకుంటుంది.
ముసురు పట్టిన రోజున
గంధం తడిసిన అట్టపెట్టె అయిపోతుంది,
జున్ను మాత్రం జ్వరం తగిలిన పిల్ల బుగ్గలా
ఉన్నచోటే కొద్దికొద్దిగా కాలుతుంటుంది.
లైటు వేశామా, రెండూ అబద్ధమాడతాయి.

పదకొండు రోజులు.
తెల్లకాగితం అడ్డంపెట్టి చూశాను,
ఒంటికన్నుతో చూశాను,
గుమ్మంలోంచి, మంచంమీంచి,
ఓసారి నిచ్చెన ఎక్కి కూడా.
మా చెల్లెలు వరూధినికి ఫొటో పంపితే
"రెండోది ఏదే?" అంది.

మా ఆయన కూర్మారావుగారు "నీ ఇష్టం" అన్నారు.
ఇరవై రెండేళ్ళుగా
చీరలకీ, కర్టెన్లకీ, కారుకీ అదే మాట.
మంచితనం అనుకున్నాను కొన్నాళ్ళు.
పట్టనితనం అనుకున్నాను మిగతా అన్నాళ్ళూ.

ఈసారి వదల్లేదు.
"ఎడమదా, కుడిదా? నోరు విప్పి చెప్పండి."
సాక్సులు విప్పుతున్న మనిషి
అలాగే గోడవైపు చూస్తూ ఉండిపోయి
"అక్కడున్నవి రెండు రంగులా?" అన్నారు.

ఆ తర్వాత, నెమ్మదిగా,
రైల్వే మెడికల్ సంగతి బయటికొచ్చింది.
వాల్తేరులో డాక్టరు పుస్తకం తెరిచి
చుక్కల్లో అంకె చదవమంటే
చుక్కలే ఉన్నాయట, అంకె లేదట.
వెనక నిలబడ్డ కుర్రాడు అడక్కుండానే అందించాడట:
డెబ్బై నాలుగు.
ఇంజను నడపాలనుకున్నవాడు
ఆ మధ్యాహ్నం టిక్కెట్టు కొనుక్కుని
రైలెక్కి ఇంటికెళ్ళాడు.

ఇక్కడ చేపల ఫ్యాక్టరీలోనూ అంతేనట.
సాల్మన్ ముక్క పక్కన రంగుల పట్టీ పెట్టి
ఎరుపుకి నంబరేసే బల్ల దగ్గర
ఒక్క పూట నిలబెట్టి
ఐసు గదికి పంపేశారు.
"ఐసు అందరికీ ఒకే రంగు" అని నవ్వారు.

నాకు నవ్వు రాలేదు.
పీటలమీద నేను కట్టుకున్న చిలకపచ్చ పట్టుచీర
ఆయన కంట్లో ఏ రంగై ఉంటుందో.
అడగబోయి, దుప్పటి మడతపెట్టాను.

జూలై. నాలుగున్నరకే పొద్దు కొండ వెనక్కి పడిపోయింది.
దాని నీడ వీధి దాటి పెరట్లోకొచ్చి,
కిటికీ ఎక్కి, గదిలోకి దిగింది.
స్విచ్చి దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.
మసక ముందు గంధాన్ని అందుకుంది,
కాసేపు బెట్టుచేసి జున్ను కూడా లొంగిపోయింది.
ఎక్కడా ఆ రెండు చుక్కలు?
మధ్యనున్న జానెడూ పూడిపోయింది.
"ఇప్పుడు నాకూ తెలియడం లేదండీ" అన్నాను.
ఆయన కొంచెం జరిగి
మంచంమీద చోటిచ్చారు.

మర్నాడు డ్యూటీకెళ్తూ
రెండు చదరాల మీదా రెండు అరచేతులు ఆనించి,
పరీక్షరాసే పిల్లాడిలా కళ్ళు మూసుకుని,
"కుడిది వెచ్చగా ఉందే" అన్నారు.
కుడిదాని వెనక వంటింటి పొయ్యి గొట్టం ఉంది.
ఆ మాట చెప్పలేదు నేను.

నాలుగు లీటర్లు జున్ను చెప్పాను.
"ఎలా తేల్చుకున్నారు?" అంది లోర్నా.
చేత్తో, అన్నాను.
ఆవిడ మీట నొక్కింది.
టక్.
టక్.
కళ్ళు మూసుకుని లెక్కపెట్టాను.